ముడతల మేస్త్రీ టార్చిలైటు

మా మరిదిని లాండ్రీలో ముడతల మేస్త్రీ అనేవాళ్ళు. అది ఉద్యోగం పేరు కాదు. పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే చోట, వేడి రోలరు కింద నుంచి బయటికొచ్చిన ప్రతి దుప్పటినీ మడతపెట్టే ముందు బల్ల మీద పరిచి చూడడం, మరక గానీ ముడత గానీ ఉంటే వెనక్కి పంపడం అతని పని. మీసాలు సరిగ్గా రాని వయసులో చేరాడు, యాభై దాటినా అక్కడే ఉన్నాడు. మధ్యలో యంత్రాలు రెండుసార్లు మారాయి. ముడతలు మాత్రం మారలేదని అతనే నవ్వేవాడు.

మా ఇంటి మేడమీద గదిలో ఉండేవాడు. మావారు పోయినప్పుడు, "నువ్వూ పిల్లా కింద ఉండండి వదినా, నేను పైనుంచి కాపలా కాస్తాను" అన్నాడు. అన్నాడే గానీ, సాయంత్రం పనినుంచి వచ్చాక ఆ పైకి ఎక్కడానికే ఓపిక ఉండేది కాదు. మూడో మెట్టు మీద కూర్చుండిపోయేవాడు. ఆవిరికి ఉడికి ఉబ్బిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరో తనకి అప్పగించి వెళ్ళినట్టు చూసుకునేవాడు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇంతకీ ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నావు?" అనేవాడు. చెప్తే సగంలోనే కళ్ళు మూతపడేవి. అయినా రోజూ అడిగేవాడు.

పెళ్ళి కాలేదు. తల్లి మంచాన పడి ఉన్నన్నాళ్ళూ ఆవిడ పక్కనే గడిచిపోయింది. ఆవిడ దాటిపోయేనాటికి ఇతని తల నెరిసింది. సంబంధం చూడమంటావా అని నేను కదిపితే, "పెళ్ళిచూపులకి వెళ్తే నన్ను పెళ్ళికొడుకు తండ్రనుకుని పెద్ద కుర్చీ వేస్తారు వదినా, ఎందుకొచ్చిన గొడవ" అని తేల్చేశాడు.

ఇలాంటి మనిషికి ఎయిర్‌సాఫ్ట్ పిచ్చి పట్టించింది మా అమ్మాయే. చూడ్డానికి అసలు తుపాకుల్లాగే ఉంటాయిగానీ బ్యాటరీతో నడిచే ఆట తుపాకులవి. మిరియపు గింజంత ప్లాస్టిక్ గుండ్లు దూసుకొస్తాయి. కళ్ళకి దళసరి అద్దాలు, మొహానికి జాలీ ముసుగు తొడుక్కుని రెండు జట్లవాళ్ళు ఒకరినొకరు వేటాడతారు. ఆ ఆటలో ఒక ఆచారం ఉంది. గుండు తగిలినవాడు తానే చెయ్యెత్తి "తగిలింది" అని అరిచి బయటికి నడవాలి. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకోకూడదు. కాల్చినవాడు సొంత జట్టువాడైనా సరే, తగిలితే తగిలినట్టే.

మా అమ్మాయి ఒక జట్టుకి కెప్టెన్. మూతపడ్డ నూలు మిల్లులో ప్రతి ఆదివారం ఆడేవాళ్ళు. ఒక వారం ఎవరో రాకపోతే, మెట్టు మీద కూర్చుని ఉన్న బాబాయిని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. "నేనొచ్చి ఏం చేస్తానమ్మడూ" అని గొణుగుతూనే వెళ్ళాడు. చీకటిపడే వేళకి ఒళ్ళంతా దుమ్ముతో, మోచేయి గీరుకుపోయి వచ్చాడు. ఆ రోజు మూడో మెట్టు మీద ఆగలేదు. నీళ్ళు పట్టుకుని నేనే పైకెళ్ళాను.

"అలిసిపోయావా?"

"చచ్చేంత అలిసిపోయాను వదినా. కానీ ఇది నా అలసట. రోజూ మోసుకొచ్చేది ఆసుపత్రిది."

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. తర్వాత రెండేళ్ళు ఏ ఆదివారమూ మానలేదు. జట్టులోని కుర్రకారంతా అతన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. పరిగెత్తలేడు గానీ ఓపిగ్గా ఒకచోట కూర్చోగలడు. కూర్చోవడం అతనికి లాండ్రీ నేర్పిన విద్య కాదు, తల్లి మంచం నేర్పినది.

ఇబ్బంది చీకటి గదితో వచ్చింది. మిల్లు చివర, కిటికీలకి రేకులు కొట్టిన పాత గోదాము అది. వెలుగులోంచి అందులోకి అడుగుపెడితే కుర్రాళ్ళ కళ్ళు ఇట్టే సర్దుకుంటాయి. ఇతని కళ్ళు సర్దుకునేసరికి ఆట అయిపోయేది. ఒక ఆదివారం ఎదుటిజట్టు మనిషనుకుని సాక్షాత్తూ తన కెప్టెన్‌నే కాల్చాడు. మా అమ్మాయి చెయ్యెత్తి "తగిలింది" అని బయటికొచ్చేసింది. అందరూ ముందు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. బయటి జట్లతో పోటీలు దగ్గర పడుతున్నాయి.

ఆ సాయంత్రం మా అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి, చెప్పుల వైపు చూస్తూ చెప్పింది.

"వచ్చే ఆదివారం మామూలు ఆటే బాబాయ్. ఆ పై ఆదివారం చీకటి గదిలో నీకొక పరీక్ష పెడతాం. ముగ్గురు దాక్కుంటారు. నువ్వు వాళ్ళని దాటుకుని అవతలి గోడకున్న గంట కొట్టాలి. కొడితే జట్టులో ఉంటావు."

"లేకపోతే?"

"స్కోరు బల్ల దగ్గర కూర్చోవచ్చు. నీడగా ఉంటుంది. ఫ్యాను కూడా పెట్టారు."

"అలాగే కెప్టెన్ గారూ" అన్నాడు. అది లోపలికెళ్ళాక నా వైపు తిరిగాడు. "ఫ్యానుందట వదినా."

ఫ్యాను కింద కూర్చోబెడితే ఇతనికి మిగిలేది వారమంతా ఆసుపత్రి అలసటేనని మా ఇద్దరికీ తెలుసు.

తుపాకీకి టార్చిలైటు బిగించుకోవచ్చు. మిగతా అందరికీ ఉన్నాయి. బరువెక్కువని ఇతనే ఇన్నాళ్ళూ వద్దన్నాడు. మర్నాడు పని అయ్యాక నన్ను వెంటబెట్టుకుని ఆ ఆట సామాన్లమ్మే కొట్టుకి వెళ్ళాడు. కొట్టువాడు అద్దాల బల్ల మీద వరసగా టార్చీలు పెట్టి, ఒక్కోదాని గురించి ఆడపిల్ల తండ్రికి వరుణ్ణి వర్ణించినట్టు వర్ణించాడు.

"ఇది చూడండి సార్. దీన్ని వేశారంటే ఎదురింటివాడి పాపాలు కూడా కనబడతాయి."

"మా ఎదురింటివాడి పాపాలు పగలే కనబడుతున్నాయిలేవయ్యా" అన్నాను నేను. "అంత వెలుగు అవసరమా?"

"వెలుగు ఎక్కువైతే ఎవరికైనా నష్టమా అమ్మగారూ? కావాలంటే ఇదిగో, ఈ చిన్నది ఉంది. పిల్లలు దుప్పటి కింద దూరి ఆడుకుంటారు దీంతో."

మా మరిది పెద్దదాన్నే చేతిలోకి తీసుకున్నాడు. లాండ్రీ బల్ల మీద వేలాడే దీపం కూడా అంత తెల్లగానే ఉంటుందని, దాని కింద రవ్వంత మరక కూడా దాగదని చెప్పాడు. అంతే, తెచ్చేశాడు.

బిగించడం మా వంటింటి బల్ల మీద జరిగింది. ఆ తుపాకీ గొట్టానికి నాలుగు వైపులా దువ్వెన పళ్ళలాంటి గాడుల పట్టీలుంటాయి. ఇనుప క్లాంపు ఆ గాడుల్లో కూర్చోబెట్టి, ఆరుపలకల రెంచితో మర బిగిస్తే టార్చి దానికి కరుచుకుంటుంది. ఎటు పెట్టాలన్నది మనిష్టం. ఇతను గొట్టం నెత్తిన పెట్టాడు. పని దగ్గర దీపం ఎప్పుడూ నెత్తిమీదే కదా. టార్చి తోకకి వైరు, వైరు చివర ఒత్తుడు బిళ్ళ. బిళ్ళని నొక్కినంతసేపూ వెలుగు, వదిలితే చీకటి. దాన్ని ఎడమ బొటనవేలు ఆనేచోట అంటించాడు.

దీపాలార్పి వసారా చివర పెట్టిన నీళ్ళబిందె మీద వేసి చూశాం. బిందె మీది సొట్టలన్నీ లెక్కపెట్టుకునేలా కనబడ్డాయి.

"ఇంకేం, గంట కొట్టేసినట్టే" అన్నాను.

"నీ నోట్లో పంచదార పొయ్య" అన్నాడు.

మామూలు ఆట ఆదివారం తెల్లమొహంతో తిరిగొచ్చాడు. మూడో మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చినా తాగలేదు.

"ఏమైందయ్యా?"

"గదిలో కాలు పెట్టి బిళ్ళ నొక్కాను వదినా. అంతే. కళ్ళముందు తెల్ల దుప్పటి ఆరేసినట్టయింది."

ఆ గోదాములో ఎన్నేళ్ళనాటిదో దూది నలుసు గాల్లో తేలుతూనే ఉంటుంది. మనిషి కదిలితే చాలు, లేస్తుంది. కంటిపక్కనే అంత తెల్లటి దీపం వెలిగేసరికి ఆ నలుసంతా ఒక్కసారి మండినట్టు మెరిసి, దాని వెనకాల ఏముందో మాయమైపోయింది. దానికితోడు టార్చి గొట్టం మీద ఉంది గనక తుపాకీ నీడ కిందపడి, కాళ్ళముందు నేల చీకటి. పైగా ఆ బొటనవేలొకటి. ఎప్పుడో రోలరుకి కాలిన వేలది, దానికి స్పర్శ సరిగ్గా తెలియదు. నొక్కుతున్నాడో వదిలాడో తనకే తెలియక, ఆరేసిన దుప్పటి వెనకాల దీపంలా నిలబడ్డాడట. నాలుగువైపుల నుంచీ కొట్టారు.

"వారమంతా దుప్పట్లే" అన్నాడు. "ఆదివారం కూడా దుప్పటే అయింది."

మా అమ్మాయి లోపలి గదిలోంచి వింటోంది. బయటికి రాలేదు. అన్నం దగ్గర మాత్రం నాతో, "జట్టువాళ్ళకి నేనేం చెప్పను అమ్మా? మా బాబాయి గనక ఉంచుకోండి అని చెప్పనా? అలా ఉండడం బాబాయికి ఇష్టమా?" అంది.

ఆ వారం మధ్యలో ఒకరోజు కళ్ళజోడు మెట్టు మీద మరిచిపోయి పనికి వెళ్ళాడు. ఇవ్వడానికి నేనే లాండ్రీకి వెళ్ళాను. అన్నేళ్ళలో లోపలికి వెళ్ళడం అదే మొదలు. పొడుగాటి గది. ఆవిరి, సబ్బువాసన, యంత్రాల రొద. మనుషులు చేతుల సైగలతోనే మాట్లాడుకుంటున్నారు. గది చివర, రొద కాస్త తగ్గినచోట ఇతని బల్ల. ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి అటూ ఇటూ పట్టుకుని పరుస్తున్నారు.

"మీరు మేస్త్రీగారి వదినగారా?" అంది అందులో పెద్దావిడ. "మా మొహాల్లో ముడతలు కూడా పట్టేస్తారండీ ఈయన."

"నీ మొహం వెనక్కి పంపితే రోలరు పాడైపోతుంది. అందుకే చూసీచూడనట్టు ఊరుకుంటున్నా" అన్నాడు మా మరిది తలెత్తకుండా.

కళ్ళజోడు పెట్టుకుని దుప్పటి చూశాడు. తర్వాత చెయ్యి చాపి పైన వేలాడే తెల్ల దీపం ఆపేశాడు. బల్ల అంచున, దుప్పటికి దాదాపు ఆనుకుని ఉన్న చిన్న పసుప్పచ్చ దీపం వేశాడు. అంతవరకూ నున్నగా కనిపించిన గుడ్డ మీద సన్నటి గీతలు, వంపులు, వేలితో నొక్కిన గుర్తులు కూడా నీడలు వేసుకుని పైకి లేచాయి.

"అదేమిటి, పెద్ద దీపం ఆపేశావేం?" అన్నాను.

"మరకకి పై దీపం వదినా, ముడతకి పక్క దీపం. నెత్తిన వెలుగు పడితే ముడత కనబడదు. కిందుగా, వాలుగా..."

మాట అక్కడ ఆగిపోయింది. దుప్పటి పట్టుకున్న ఆవిడ, "పంపేదా, మడిచేదా?" అని అడుగుతోంది. ఇతను వినిపించుకోలేదు.

"నేను మరక వెతికాను" అన్నాడు నాతో. "ఆ గదిలో వెతకాల్సింది ముడత."

సాయంత్రం కొట్టుకి వెళ్ళి పెద్ద టార్చి ఇచ్చేసి, పిల్లలు దుప్పటి కింద ఆడుకునేది తెచ్చుకున్నాడు. కొట్టువాడు "అనుభవం మీద చెప్తున్నా సార్, ఇది దేనికీ పనికిరాదు" అన్నాడట. "నేనూ అంతే, మా ఇద్దరికీ కుదురుతుందిలే" అని వచ్చాడట.

ఈసారి బిగించడానికి చాలాసేపు పట్టింది. టార్చిని గొట్టం కిందవైపు పట్టీకి పెట్టాడు. దాని మూతి గొట్టం మూతికంటే వెనకుంటే గొట్టం అంచు వెలుగుకి అడ్డొచ్చి నల్లటి చంద్రవంకలా నీడ పడుతోంది. గాడి గాడికీ ముందుకి జరుపుతూ, గోడమీద చూస్తూ, నీడ పోయేదాకా జరిపాడు. ఎంత బిగించినా తుపాకీ పేలే అదురుకి మర వదులవుతోంది. రోలరుకి చుట్టే దళసరి ఉన్నిగుడ్డ పాత ముక్క ఒకటి తెచ్చి, క్లాంపుకీ పట్టీకీ మధ్య పెట్టి బిగించాడు. ఇక కదల్లేదు. ఒత్తుడు బిళ్ళని కాలిన బొటనవేలి కిందనుంచి తీసేసి, అవతలివైపు మిగతా వేళ్ళు చుట్టుకునేచోట అంటించాడు. అవి మాట వింటాయి.

"మేడమీద ఎక్కడానికి ఓపిక లేదంటావు, దీనికెక్కడిదయ్యా ఇంత ఓపిక?" అన్నాను.

"దీనికోసం దాచుకున్నదే వదినా అది" అన్నాడు. కళ్ళు ఎర్రబడి, మూతలు పడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే పని.

పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. మిల్లు వాకిట్లో రేకుల నీడన స్కోరు బల్ల, దాని పక్కన ఫ్యాను. నిజంగానే హాయిగా ఉంది. దాని వైపు అతను చూడనేలేదు. చీకటి గదికి పైన, ఒకప్పుడు అజమాయిషీదారులు నిలబడే చెక్క వరండా ఉంది. మా అమ్మాయి నాకు కూడా కళ్ళద్దాలు పెట్టి అక్కడికి తీసుకెళ్ళింది. పైనుంచి చూస్తే కింద బావిలా నలుపు.

తలుపు తెరుచుకుని మూసుకుంది. మా మరిది లోపలికి వచ్చాడు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. కళ్ళు సర్దుకునేదాకా తలుపు పక్కన గోడకి ఆనుకుని ఊరికే నిలబడ్డాడట.

"బాబాయ్, నిద్రపోయావా?" అని ఒక గొంతు వినిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

కాసేపటికి టకమని చప్పుడు. మోకాలు వంచి కూర్చున్నాడన్నమాట. ఆ మోకాలి చప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు వెలిగింది. నేలకి జానెడు ఎత్తున, నూనెదీపంలాంటి వెలుగు ఒకటి నేల మీద వాలుగా పాకి, వెంటనే ఆరిపోయింది. అంతలోనే కనిపించింది. నేలంతా పిండి చల్లినట్టు దూది నలుసు పేరుకుని ఉంది. దాని మీద అడుగులు. ఒక్కో అడుగూ ఒక్కో నీడ వేసుకుని, ముడత లేచినట్టు లేచి ఉంది. ఒక వరస కుడివైపు పాత దూది బేళ్ళ వెనక్కి వెళ్ళింది. తిరిగి రాలేదు.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అడుగులు" అంది గుసగుసగా. రెండేళ్ళుగా తిరుగుతున్న గది అది. ఆ నేల మీద అడుగులు పడతాయని అదీ ఎప్పుడూ చూడలేదు.

వెలుగు కనిపించిన చోటికి గుండ్లు టపటపా వచ్చి పడ్డాయి. ఇతనప్పటికే అక్కడ లేడు. కాసేపటికి బేళ్ళ వెనక చిన్నగా చప్పుడైంది.

"తగిలింది!" ఒక పిల్ల చెయ్యెత్తుకుని బయటికి నడిచింది. "ఎలా చూశాడసలు?"

మళ్ళీ చీకటి, మళ్ళీ నిరీక్షణ. ఇంకోసారి వెలుగు పాకి ఆరింది. ఈసారి స్తంభం చాటున. "తగిలింది" అన్నాడు రెండోవాడు, విసుగ్గా.

మూడోవాడు పొడుగబ్బాయి. జట్టులో అందరికంటే గురి ఉన్నవాడు, ఇతన్ని తప్పించాలని మొదట అన్నదీ వాడే. వాడి అడుగులు ఎడమగోడ చివర, గంట పక్కనే ఉన్న ఇనుప అలమర దాకా వెళ్ళి ఆగిపోయాయి. వాడు పైకెక్కి కూర్చున్నాడు. పైనుంచి గదంతా వాడి గురికిందే. గంట దగ్గరికి ఎటునుంచి వెళ్ళినా వాడు చూస్తాడు.

ఆగిపోయిన అడుగుల్ని మా మరిది చూశాడు. వెలుగు ఆరింది. ఇక ఎంతకీ వెలగలేదు. బట్ట నేలమీద ఈడ్చినట్టు సన్నటి చప్పుడు మాత్రం వచ్చింది, గోడవారగా, ఆగి ఆగి. మధ్యలో ఒకసారి దగ్గు ఆపుకున్నట్టు ఉక్కిరిబిక్కిరి. పొడుగబ్బాయి ఆ చప్పుడు వైపు కాల్చాడు. గుండ్లు ఇనుపరేకు మీద గలగలమన్నాయి.

గంట మోగింది.

"ఎవరు కొట్టారు?" అన్నాడు పొడుగబ్బాయి పైనుంచి.

"నేనేరా" అంది వాడి కాళ్ళ కిందినుంచి గొంతు. "అలమర కిందినుంచి వచ్చాను. నువ్వు కూర్చున్న అలమర కిందికి నువ్వే కాల్చలేవు కదా. దిగు, కాస్త నన్ను లేవదియ్యి. నడుం పట్టేసింది."

తలుపులు తెరిచాక చూస్తే తల నుంచి పాదం దాకా దూదితో, అప్పుడే చలువ చేసిన మనిషిలా ఉన్నాడు. పిల్లలు చుట్టూ మూగి, టార్చి చూపించమని, ఎలా బిగించావని గోల. పొడుగబ్బాయి తుపాకీ తిప్పి ఉన్నిముక్క వేలితో నొక్కి చూసి, "నాకూ పెట్టివ్వు బాబాయ్" అన్నాడు.

మా అమ్మాయి వరండా దిగి వచ్చింది. కెప్టెన్ గొంతుతోనే మొదలుపెట్టింది.

"పోటీల్లో చీకటి గది నీది బాబాయ్. నా ముందు నడువు. నన్ను మాత్రం కాల్చకు."

"నువ్వు అడ్డం రాకు మరి" అన్నాడు. నవ్వబోయి, నవ్వు కూడా బరువైనట్టు ఆపేశాడు. నా వైపు చూశాడు. "వదినా, ఆ ఫ్యాను ఎటువైపుందన్నారు?"

వాకిట్లోకి వెళ్ళి, స్కోరు బల్ల వెనక కుర్చీలో, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను నీళ్ళ సీసా తెరిచి ఇచ్చేలోపే తల పక్కకి వాలింది. ఫ్యాను గాలికి జుట్టులోని దూది ఒక్కో నలుసే ఎగిరిపోతోంది. వేళ్ళు బిళ్ళ మీదే బిగుసుకుని ఉన్నాయి. పట్టపగలు, అతని కాళ్ళ దగ్గర నేల మీద పచ్చటి వెలుగు చిన్న చుక్కలా వెలుగుతూనే ఉంది.

తర్వాతి ఆటకి పిలవడానికి పొడుగబ్బాయి పరిగెత్తుకొచ్చి, "బాబా..." అని నోరు తెరిచాడు. మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. వంగి, అతని వేళ్ళని ఒక్కొక్కటిగా బిళ్ళ మీదినుంచి జరిపి, వెలుగు ఆర్పింది.